జూన్ నెల గట్టెక్కేదెలా? పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు మీ లెక్కలు చెప్పండి

పటమట_అమ్మ
మా ఆయన జీతం 42 వేలు. అమ్మాయి ఏడో తరగతి, బాబు మూడో తరగతి. జూన్ 12న బడి తెరిచేసరికి మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం కుట్టుకూలి, బూట్లు అన్నీ కలిపి 61 వేలు అయింది. పోయినేడు నా నల్లపూసల గొలుసు బ్యాంకులో పెట్టాం, ఇంకా విడిపించలేదు. మళ్లీ ఆ పరిస్థితి వద్దు. మీరు నెలనెలా ఎంత పక్కన పెడుతున్నారు, ఎక్కడ దాస్తున్నారు? ఇద్దరికీ ఆటో 2,400, అది మానిపించొచ్చా? అమ్మాయికి లెక్కల ట్యూషన్ అవసరమా?

బ్రాడీపేట_గృహిణి
చీటీ వేయండి. నాది లక్ష చీటీ, 20 నెలలు, నెలకి 5 వేలు. జూన్‌లో వేలంలో పాడేసుకుని ఫీజు మొత్తం ఒకేసారి కట్టేస్తా. ఆరేళ్లుగా ఒకరి ముందు చెయ్యి చాపలేదు.

సింగ్‌నగర్_నాన్న
దయచేసి చీటీ వేయమని ఎవరికీ చెప్పకండి. మా వీధిలో చీటీ నడిపినావిడ 14వ నెలలో రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది. మావి 70 వేలు పోయాయి. ఆ ఏడాదే, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు వాగు పొంగి నీళ్లు ఇంట్లోకొచ్చాయి. పిల్లల పుస్తకాలు ఉబ్బి ముద్దయ్యాయి. డాబా మీద ఒక్కో కాగితం విడదీసి ఆరేస్తే మా అమ్మాయి సోషల్ నోట్సు ఒక్కటే దక్కింది, బాల్‌పెన్నుతో రాసింది కాబట్టి. స్కూల్ వాళ్లు మళ్లీ మొత్తం సెట్టు కొనమన్నారు. అప్పుడు ఆ 70 వేలు చేతిలో ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి.

బ్రాడీపేట_గృహిణి
మీ కష్టానికి బాధగా ఉందండి. కానీ మనిషిని చూసి వేసుకోవాలి. ఒకరు ముంచారని అందరినీ దొంగలంటే ఎలా?

సింగ్‌నగర్_నాన్న
దొంగలని నేనెక్కడన్నాను? ఆవిడా మాకు పదేళ్లుగా తెలిసిన మనిషే. మా ఆవిడ సీమంతానికి వచ్చి గాజులు తొడిగింది.

రిటైర్డ్_బ్యాంకు_గుంటూరు
31 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, ఇలాంటి ఖాతాలు వేలల్లో చూశాను కాబట్టి చెప్తున్నా. జూన్‌లో డబ్బు అందరికీ కావాలి, అందుకే ఆ నెల పాట, అంటే చీటీ ముందే తీసుకోవడానికి వదులుకునే సొమ్ము, బాగా పెరుగుతుంది. లక్షకి 28 వేలు వదులుకుంటే చేతికొచ్చేది 72 వేలే. 1982 చిట్‌ఫండ్ చట్టం ఉంది, 2019 సవరణతో నడిపేవారి కమిషన్ 7 శాతం దాకా పెంచారు. రిజిస్టర్ కాని వీధి చీటీ పోతే నోటుపుస్తకంలో రాసుకున్న లెక్క తప్ప మీ చేతిలో ఏమీ ఉండదు.

పటమట అమ్మాయ్, నువ్వు ఆర్‌డీ కట్టు, అంటే నెలనెలా కొంత కట్టే డిపాజిట్. పోస్టాఫీసులో అయితే ఐదేళ్లది, నీకు పనికిరాదు. సెప్టెంబరు 1న బ్యాంకులో తొమ్మిది నెలలకి తెరిస్తే జూన్ మొదట్లో చేతికొస్తుంది. నెలకి 6,800 చొప్పున 61,200, పైన వడ్డీ. జీతం పడిన మర్నాడే ఖాతాలోంచి పోయేలా పెట్టు.

బ్రాడీపేట_గృహిణి
28 వేలు ఎవరు వదులుకుంటారండి? పోయిన జూన్‌లో నేను 17 వేలకే పాడాను. మిగతా నెలల్లో పాడుకున్నవాళ్లు వదులుకున్నదాంట్లో నా వాటా కలిసొచ్చి 5 వేలకి బదులు 4,300 కట్టిన నెలలూ ఉన్నాయి. మీ ఆర్‌డీలో ఆ వెసులుబాటు ఉందా? అయినా 42 వేల జీతంలో నెలకి 6,800 ఎక్కణ్ణుంచి తెస్తారు? బ్యాంకులో కూర్చున్నవాళ్లకి మా వంటింటి డబ్బాల సంగతేం తెలుస్తుంది?

రిటైర్డ్_బ్యాంకు_గుంటూరు
మా అమ్మ పోపులడబ్బాలో దాచిన డబ్బుతో చదువుకున్నవాణ్ణి. నాకు ఆ మాట అనొద్దు.

గుణదల_కోడలు
గొడవలు ఆపండి. 2025లో మాకు తల్లికి వందనం, అదే బడి పిల్లల తల్లులకి ప్రభుత్వం వేసే డబ్బు, ఇద్దరు పిల్లలకీ పడింది. 15 వేలలో బడి నిర్వహణకి 2 వేలు పోను ఒక్కొక్కరికి 13 వేలు. అది పడ్డాకే ఊపిరి పీల్చుకున్నా. మా తోటికోడలికి మాత్రం రాలేదు. కరెంటు సగటు 300 యూనిట్లు దాటిందట! ఒకే మీటరు మీద రెండు వాటాలుంటే దాటదా మరి? పై వాటావాళ్ల ఏసీకి కింద వాటా పిల్లల డబ్బు ఆగిపోవడం ఏం న్యాయం?

సింగ్‌నగర్_నాన్న
పట్నంలో కుటుంబ ఆదాయం నెలకి 12 వేలు దాటితే రాదు. పటమట అక్కకి వర్తించదండి.

లబ్బీపేట_ఉద్యోగిని
ఆటో సంగతి నేను చెప్తా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి వచ్చింది కదా, మా పాప ఆధార్ చూపించి సిటీ ఆర్డినరీ బస్సులో ఉచితంగా వెళ్తోంది. మొదటి పది రోజులు నేనూ వెనక కూర్చుని వెళ్లాను, నాకు ధైర్యం రావడానికి. పుస్తకాలకి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు చూడండి. అట్లాసు, డిక్షనరీ, గ్రామర్ పుస్తకం మూడూ 210కి తెచ్చా.

బ్రాడీపేట_గృహిణి
మా స్కూల్ సొంతంగా అచ్చువేసిన పుస్తకాలే కొనాలంటారు, అవి ఏ పాత షాపులో దొరుకుతాయి? ఏటా ముఖచిత్రం మారుస్తారు. అన్నయ్య పుస్తకం తమ్ముడికి పనికిరాకుండా చేస్తున్నారు. నాకు కడుపు మండేది అక్కడే.

పటమట_అమ్మ
అందరికీ థాంక్స్. బాబుకి ఆటో ఉంచి అమ్మాయిని బస్సెక్కిస్తాం, 1,200 మిగులుతుంది. అది కలుపుకుంటే ఆర్‌డీకి 5 వేల దాకా కట్టగలను, పూర్తిగా సరిపోదు. మిగతాది పండక్కి బట్టలు మానుకుని పూడుస్తా. గొలుసు మాత్రం ముందు విడిపించాలి. ట్యూషన్ గురించి ఒక్కరూ చెప్పలేదు.

రిటైర్డ్_బ్యాంకు_గుంటూరు
గుణదల అమ్మాయ్, ఆ మీటరు ఎవరి పేరున ఉంది? రెండో వాటాకి వేరే మీటరు పెట్టించుకోవచ్చు.

గుణదల_కోడలు
మా మామగారి పేరున అంకుల్. ఆయన ఒప్పుకోరు.