యూనిఫాంలో ఉన్న జవాన్ని ఎయిర్‌పోర్టు చెకింగ్‌లో బూట్లు విప్పించి నిలబెట్టొచ్చా?

గిద్దలూరు కోడలు:

అందరికీ నమస్కారం. మా ఆయన ఆర్మీలో హవల్దార్. 17 ఏళ్ళ సర్వీసు, ఇప్పుడు కశ్మీర్‌లో కుప్వారా వైపు పోస్టింగ్. పోయిన నెల మా మామగారు కాలం చేశారు. కబురు అందేసరికి ఆయన డ్యూటీలో ఉన్నారు. సీఓ సాబ్ (యూనిట్ పెద్ద అధికారి) అప్పటికప్పుడు సెలవు రాసి, యూనిట్ బండిలోనే శ్రీనగర్ ఎయిర్‌పోర్టుకు పంపించారు. బట్టలు మార్చుకునే టైం కూడా లేదు, ఒంటి మీద యూనిఫాంతోనే బయల్దేరారు. ఇక్కడ మేం మామగారిని ఐస్ పెట్టెలో ఉంచి కొడుకు కోసం ఎదురు చూస్తున్నాం.

శ్రీనగర్‌లో టెర్మినల్‌కు చాలా ముందే గేటు దగ్గర బండి దింపి సామాను స్కాన్ చేస్తారు, లోపల మళ్ళీ చూస్తారు. అక్కడ అందరికీ అంతేనంట, ఆయనేమీ అనుకోలేదు. మధ్యలో విమానం మారిన చోట జరిగింది నేను చెప్పేది. ఆ ఊరి పేరు రాయను. టికెట్లు విడివిడిగా బుక్ చేశాం కాబట్టి బయటికొచ్చి మళ్ళీ చెకింగ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. బెల్టు తీయమన్నారు, తీశారు. బూట్లు విప్పమన్నారు. కూర్చోడానికి ఏమీ లేదు, గోడకు ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి విప్పారు. తర్వాత బ్యాగు మీద గుడ్డముక్కలాంటిది ఏదో రుద్ది మిషన్లో పెడితే మోగింది. అంతే, పక్కకు రమ్మని అందరికీ వినపడేలా అరిచారంట. సామానంతా బల్ల మీద పరిచారు. అత్తమ్మ కోసం తీసిపెట్టిన అక్రోట్ల సంచి, పిల్లల స్వెట్టర్లు, అన్నీ. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, సాక్సులతో 40 నిమిషాలు నిలబడ్డారు. చుట్టూ ఉన్నవాళ్ళు దొంగను చూసినట్టు చూశారంట. విమానం ఎక్కిన వాళ్ళలో ఆయనే ఆఖరు. పొద్దు గూకడానికి గంట ముందు ఇంటికి చేరి తలకొరివి పెట్టారు.

నాతో ఒక్క మాట అనలేదు. పెద్దకర్మ అయ్యాక మా మరిదితో చెబుతుంటే విన్నాను. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. యూనిఫాంలో ఉన్న సైనికుడికి చెకింగ్‌లో ఏదైనా మినహాయింపు ఉందా? జరిగింది రూల్ ప్రకారమేనా? ఎవరికైనా రాయాలా? ఎయిర్‌పోర్టు చెకింగ్ పని చేసినవాళ్ళో, సైన్యంలో ఉన్నవాళ్ళో చెప్పండి.

ఒంగోలు కుర్రాడు:

చదువుతుంటే కడుపు మండిపోతోంది అక్కా. మంచులో మనకి కాపలా కాసే మనిషిని అనుమానించడమేంటి? నన్నడిగితే యూనిఫాం కనపడగానే సెల్యూట్ కొట్టి పంపేయాలి, చెకింగే ఉండకూడదు.

టెక్కలి మాస్టారు:

అమ్మా, మీ మామగారి సంగతి చదివి మనసు కష్టమైంది. నేను మాస్టార్ని కాదు, మనవళ్ళకి లెక్కలు చెబుతానని మా ఊళ్ళో అలా పిలుస్తారు. ఎయిర్‌పోర్టుల్లో తనిఖీలు చేసే కేంద్ర బలగం సీఐఎస్‌ఎఫ్‌లో చేసి ఎస్సైగా రిటైరయ్యాను. చివరి 11 ఏళ్ళు ఎయిర్‌పోర్టుల్లోనే. మా తమ్ముడు ఆర్మీ. రెండు వైపులా మనవాళ్ళే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మినహాయింపు లేదు. ఎవరిని తనిఖీ లేకుండా పంపాలో బీసీఏఎస్ అని పౌర విమానయాన శాఖ కింద ఉన్న సంస్థ జాబితా ఇస్తుంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, ఇలాంటి పెద్దలు అందులో ఉంటారు. సైన్యం నుంచి ఫుల్ జనరల్ హోదా ఉన్న దళాధిపతులు ఉంటారు. జవానూ లేడు, హవల్దారూ లేడు. మేమూ లేం. నేను సెలవు మీద ఇంటికొస్తుంటే, నా కింద పనిచేసిన కుర్రాడే నన్ను స్టూలు మీద నిలబెట్టి చేతులు చాపించి తడిమి చూసి పంపాడు. చూడకుండా వదిలేస్తే వాణ్ణి నేనే మందలించేవాణ్ణి.

ఒంగోలు బాబూ, నీ ఆవేశం నాకర్థమైంది. కానీ 2016 జనవరిలో పఠాన్‌కోట్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద దాడికి వచ్చినవాళ్ళు ఏం వేసుకొచ్చారు? మన సైన్యం బట్టలే. గుడ్డ కొనొచ్చు, కుట్టించుకోవచ్చు, భుజానికి పట్టీలు అతికించుకోవచ్చు. స్కానర్ దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌కి ఒక మనిషి వెనక ఇంకో మనిషి వస్తూనే ఉంటారు. అందులో నిజం ఫౌజీ ఎవరు, వేషం ఎవరు అని ముఖం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. యూనిఫాం చూసి వదిలేయండని రూల్ పెడితే, ఆ రూలు ముందుగా తెలిసేది వేషగాళ్ళకే. అప్పుడు ఆ విమానంలో కూర్చునే మీ హవల్దార్ గారికే ప్రమాదం. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీ రావాల్సిన ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ తీసుకుపోయారు. ఆ దెబ్బ తర్వాతే 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి ఎయిర్‌పోర్టులు మా ఫోర్సుకి అప్పగించారు. మాకు ట్రైనింగ్‌లో నేర్పిన మొదటి పాఠం అదే.

బూట్ల సంగతి. 2001 డిసెంబరులో ప్యారిస్ నుంచి మయామీ వెళ్ళే విమానంలో ఒకడు బూటులో బాంబు పెట్టుకుని అంటించబోయాడు. అప్పటి నుంచి బూటు అంటే అందరికీ భయమే. మామూలు చెప్పులైతే చూడగానే తెలుస్తుంది. ఆర్మీ బూటు చీలమండ పైదాకా ఉంటుంది, అడుగు మందం, తాడు కంతలకి లోహం. మనిషి నడిచి దాటే డోర్‌ఫ్రేమ్ మిషను కింది భాగంలో మోగితే విప్పి ఎక్స్‌రేలో పెట్టక తప్పదు.

ఇక ఆ గుడ్డముక్క. దాన్ని ఈటీడీ అంటారు, పేలుడు పదార్థాల జాడ పట్టే మిషను. బ్యాగు పిడికీ జిప్పుకీ రుద్ది లోపల పెడితే, కంటికి కనపడని రవ్వంత పేలుడు మందు ఉన్నా మోగుతుంది. అమ్మా, ఆయన ఏ బ్యాగు తెచ్చారో ఒకసారి అడగండి. ఫైరింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగో, తుపాకీ శుభ్రం చేసిన చేత్తో పట్టుకున్న బ్యాగో అయితే మోగకపోతేనే ఆశ్చర్యం. యూరియా చల్లి వచ్చిన రైతు బ్యాగు కూడా నా ముందు మోగింది. మోగాక మాత్రం బ్యాగు మొత్తం విప్పి, ఒక్కో వస్తువూ చూసి, పైఅధికారి వచ్చి సరే అంటేనే వదలాలి. అందులో కానిస్టేబుల్ ఇష్టం ఏమీ ఉండదు.

ఒకటి చెబుతాను. ఒకసారి పాతికేళ్ళ జవాను, చెల్లెలి పెళ్ళికి వెళ్తున్నాడు. బ్యాగు ఎక్స్‌రేలో పక్క జేబు అడుగున చిటికెన వేలంత నీడ. తీస్తే ఇన్సాస్ రైఫిల్ తూటా, పేలనిది. ఎప్పుడు పడిందో వాడికే తెలీదు, ముఖం తెల్లగా పాలిపోయింది. నాకు వాణ్ణి చూస్తే మా తమ్ముడే గుర్తొచ్చాడు. అయినా లోకల్ పోలీసుకి అప్పగించాల్సిందే. వాళ్ళు యూనిట్‌కి ఫోన్ చేసి, కాగితాలు రాసుకుని వదిలేసరికి రాత్రయింది. ఫ్లైటు పోయింది. పెళ్ళి తెల్లవారుజామున. నేను డ్యూటీ దిగి వాడికి టీ ఇప్పించి, రైల్వే స్టేషన్‌కి ఆటో ఎక్కించాను. అంతకు మించి ఏం చేయగలను? అందుకే సైన్యంలో ఉన్న తమ్ముళ్ళందరికీ చెబుతున్నా, సెలవుకి బయల్దేరే ముందు బ్యాగు తిరగేసి దులపండి, ప్రతి జేబూ బయటికి లాగి చూడండి. ఖాళీ తూటా తొడుగు కూడా గుర్తుగా తెచ్చుకోవద్దు.

ఇంతవరకూ తనిఖీ తప్పు కాదన్నాను. ఇప్పుడు తప్పేదో చెబుతాను. బెల్టు ఎక్స్‌రే దాటి రాగానే మనిషికి తిరిగి ఇచ్చేయాలి. 40 నిమిషాలు ప్యాంటు పట్టుకుని నిలబడమని ఏ రూలూ లేదు. బూట్లు కూడా అంతే, చూడటం అయిపోతే తొడుక్కోనివ్వాలి. అరవడానికీ రూలు లేదు. నేను షిఫ్టు మొదలయ్యే ముందు పిల్లలకి రోజూ చెప్పేవాణ్ణి: యూనిఫాం ఎదురుపడితే ముందు 'జైహింద్ సాబ్' అనండి, ఆ తర్వాతే 'బెల్టు తీయండి' అనండి. మెడల్సు ఉంటే తీయించొద్దు, చేతి మిషనుతో చూడండి. కుర్చీ మీరే తెచ్చి వేయండి. సామాను బల్ల మీద పరిస్తే, తిరిగి సర్దడానికి చెయ్యి వేయండి. ఇవి చేస్తే తనిఖీ అర నిమిషం కూడా ఆలస్యం కాదు. మీ ఆయన దగ్గర ఇవేవీ జరగలేదు. ఆ ఖాకీ వేసుకున్నవాడిగా మీకు క్షమాపణ చెబుతున్నాను.

రాయాలనుకుంటే విమాన ప్రయాణికుల ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైటు, ఎయిర్ సేవ పోర్టల్‌లో రాయండి, లేదా ఆ ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ అధికారికి. తేదీ, టైం, ఫ్లైటు నంబరు వేయండి. చెకింగ్ దగ్గర కెమెరాలుంటాయి, ఫుటేజీ ఎక్కువ రోజులు ఉంచరు, కాబట్టి ఆలస్యం చేయకండి. ఇంకో మాట. నాన్నగారు పోయారని, సెలవు కాగితం ఇదిగో అని ఆయన అక్కడ చెప్పి ఉండరు. ఫౌజీలు చెప్పరు, నాకు తెలుసు. చెబితే మేం క్యూ ముందుకు తీసుకొస్తాం. ఎయిర్‌లైన్ వాళ్ళకి మేమే కబురు పెడతాం, మనిషి ఇక్కడున్నాడు ఆగండి అని.

మాజీ నాయక్, పార్వతీపురం:

మాస్టారు బాగా చెప్పారు. నాకు మైను (మందుపాతర) మీద ఎడమ కాలు పోయింది, మోకాలి కింద నుంచి. పుణెలో మన ఆర్మీ ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్‌లో కాలు పెట్టారు. నేను ప్రతిసారీ మోగుతాను. ఒకచోట కాలు విప్పి ఎక్స్‌రే మిషను బెల్టు మీద పెట్టమన్నారు. బూటు తొడిగి ఉన్న నా కాలు ఒక్కటే ట్రేలో పడుకుని ఎక్స్‌రేలోకి పోతుంటే, వెనక ఉన్న పాప వాళ్ళమ్మ చీర వెనక్కి దాక్కుంది. నాకు ఆ పాపను చూస్తేనే బాధేసింది. ఇంకోచోట ఒక కుర్రాడు కుర్చీ వేసి, కర్టెన్ లాగి, మోకాళ్ళ మీద కూర్చుని కాలి మీద ఆ గుడ్డ రుద్ది, 'ఎక్కడ జరిగింది సాబ్' అని అడిగాడు. రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇద్దరూ నన్ను తనిఖీ చేసినవాళ్ళే. 2021 అక్టోబరులో నర్తకి సుధా చంద్రన్ గారు కృత్రిమ కాలు విప్పిస్తున్నారని వీడియో పెట్టి ప్రధానినే అడిగారు, సీఐఎస్‌ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆవిడ మాట్లాడటం మాలాంటి వాళ్ళందరికీ మేలు చేసింది. కాబట్టి అమ్మా, రాయండి.

సివిల్ బట్టల సంగతి కూడా. మా యూనిట్‌లో సెలవు మీద వెళ్ళేటప్పుడు యూనిఫాం వద్దనేవారు, దారిలో ఎవరి కంటా పడకుండా ఉండాలని. మీ ఆయనది తప్పని పరిస్థితి, అది వేరు.

తెనాలి నుంచి టెక్సాస్:

నేను ఇక్కడ అమెరికా ఆర్మీ రిజర్వులో ఉన్నాను. ఇక్కడి పద్ధతి చెబుతా, పోల్చుకోడానికి. సైనికుల తనిఖీ త్వరగా అయ్యేలా చూడాలని 2012 జనవరిలో చట్టమే చేశారు. మా ఐడీ కార్డు వెనక 10 అంకెల నంబరు ఉంటుంది, టికెట్ బుక్ చేసేటప్పుడు అది వేస్తే ప్రీచెక్ అని తనిఖీ త్వరగా అయ్యే లైను వస్తుంది. యూనిఫాంలో ఉండి కార్డు చూపిస్తే బూట్లు విప్పనక్కర్లేదు, 2025 జులై నుంచి అయితే మామూలు జనానికీ అక్కర్లేదు. గాయపడ్డ సైనికుల కోసం 2013 ఆగస్టులో ఇంకో చట్టం వచ్చింది. కానీ ఒకటి, మోగితే మాత్రం ఇక్కడా అదే కథ. రేంజ్ నుంచి నేరుగా వచ్చినరోజు నా చేతులకి ఆ గుడ్డ రుద్దితే మోగింది, పక్క గదిలో మొత్తం చూసి పంపారు. తేడా ఏంటంటే, ముందే ఎవరన్నది నంబరుతో తేల్చుకుంటారు, బట్టలతో కాదు. మన దగ్గర కూడా సర్వీసు నంబరుతో అలా చేయొచ్చేమో కదా మాస్టారూ?

టెక్కలి మాస్టారు:

చేయొచ్చు బాబూ, చేయాలి కూడా. లక్షల మంది జవాన్లు ఇప్పుడు రైలు మానేసి విమానం ఎక్కుతున్నారు.

గిద్దలూరు కోడలు:

బాబాయ్ గారూ, మీరు రాసిందంతా రాత్రి ఆయనకి ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ బ్యాగు ఫైరింగ్‌కి తీసుకెళ్ళిందేనని, అంతకు ముందు వారమే రేంజ్ అయిందని చెప్పారు. మోగినందుకు ఆయనకేం కోపం లేదంట. నాన్న పోయారని చెప్పావా అంటే, 'క్యూలో అందరికీ తొందరే కదా, నేనెట్లా చెప్పను' అన్నారు. మీరు రాసినట్టే.

ఆయనకి కష్టమనిపించింది వేరే. మామగారికని కొన్న ఉన్ని శాలువా ఆ బ్యాగులో ఉంది, సంక్రాంతికి ఇద్దామని. చూసేవాళ్ళు దాన్ని మడత విప్పి దులిపి అక్రోట్ల మీద కుప్పగా పడేశారంట. ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని ఉన్నారు కదా, ఒక్క చేత్తో మడవడం రాలేదు. అట్లాగే కుక్కుకుని పరిగెత్తారు. ఇంటికొచ్చాక ఆ శాలువానే ముడతలతోనే మామగారి మీద కప్పారు. నేను పక్కనే ఉన్నా, ఎందుకలా నలిగిందో నాకప్పుడు తెలీదు.

కంప్లయింట్ వద్దన్నారు, చేసిన పిల్లాడి ఉద్యోగానికి ఏమన్నా అవుతుందేమోనని. నేను పేర్లేమీ లేకుండా ఎయిర్ సేవలో రెండు లైన్లు రాశాను. బూట్లు విప్పే చోట ఒక బెంచీ వేయండి, చూడటం కాగానే బెల్టు ఇచ్చేయండి అని.