ఇది ఫ్రేజా, క్లాజా? ఇంగ్లీష్ గ్రామర్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండీ. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే గానీ, మా మేనకోడలు తొమ్మిదో తరగతి ఒడియా మీడియం. దానికి ఇంగ్లీష్ గ్రామర్ చెప్పే పని నా నెత్తిన పడింది.

సబ్జెక్టు, కాలం చూపించే క్రియ రెండూ ఉంటే క్లాజ్, లేకపోతే ఫ్రేజ్. ఇంతవరకు గొడవ లేదు. 'ఆఫ్టర్ ది రెయిన్' ఫ్రేజ్, 'ఆఫ్టర్ ది రెయిన్ స్టాప్డ్' క్లాజ్. మొదట్లో 'ఆఫ్టర్' ఉందా అని చూస్తే లాభం లేదన్నాను, పిల్ల టక్కున పట్టేసింది.

చిక్కంతా 'ఆఫ్టర్ లీవింగ్ గుణుపూర్, ది ట్రెయిన్ స్లోడ్ డౌన్' దగ్గరే. "లీవింగ్ కూడా క్రియే కదా మావయ్యా, మరి క్లాజ్ ఎందుకు కాదు?" అంటుంది. లీవింగ్‌కి కాలం లేదు, సబ్జెక్టూ పైకి కనబడదు, కాబట్టి ఫ్రేజే అన్నాను. తీరా నెట్‌లో చూస్తే కొందరు దాన్నే నాన్-ఫైనైట్ క్లాజ్ (కాలం చూపించని క్రియ ఉన్న క్లాజ్) అంటున్నారు! బడి గ్రామర్‌ది ఒక లెక్క, భాషాశాస్త్రానిది ఇంకో లెక్క అని నా అనుమానం.

పరీక్షలో ఏది రాయమనాలి? 'ఐ డోంట్ నో వేర్ టు గో'లో 'వేర్ టు గో' కూడా ఇదే కోవలోకి వస్తుందా? పాఠం చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు ఉదాహరణలతో చెబితే మేలు.