నాన్న ఖాతాలో 11 లక్షల నగదు, ఇన్‌కమ్ ట్యాక్స్ మెసేజ్ వచ్చింది. ఎవరికైనా ఇలా జరిగిందా?

గార్లదిన్నె_కుర్రాడు:
నాన్న వేరుశనగ, చీనీకాయలు అమ్మిన డబ్బు రెండేళ్లు ఇంట్లోనే దాచి, పోయిన ఏడాది నాలుగుసార్లుగా బ్యాంకులో వేశాడు. మొత్తం 11 లక్షల 40 వేలు. ఇప్పుడు ‘మీ లావాదేవీలు చూసుకోండి’ అని మెసేజ్. బ్యాంకువాళ్లు అడిగితే పాన్ తీసుకున్నాడే గాని ఎన్నడూ రిటర్న్ వేయలేదు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. ఒకేసారి వేయలేదు కదా, వీళ్లకెలా తెలిసింది?

సప్తగిరి_సర్కిల్:
ఆడిటర్ దగ్గర పని చేస్తాను. నాలుగుసార్లు వేసినా ఏడాది మొత్తం కూడతారు తమ్ముడూ. సేవింగ్స్‌లో 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకే ఎస్ఎఫ్‌టీ అనే రిపోర్టులో పంపాలి, గడువు మే 31. కరెంట్ ఖాతాకైతే 50 లక్షలు. 30 లక్షలు, ఆపై విలువున్న రిజిస్ట్రేషన్ల వివరాలు కూడా అలాగే పోతాయి. అన్నీ పాన్ కింద చేరతాయి. 2021 నవంబరు నుంచి ఆ చిట్టా మనకూ కనిపిస్తోంది, ఏఐఎస్ అంటారు. నాన్న పేరుతో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో లాగిన్ అయి చూడు. మెసేజ్‌లోని లింక్ మాత్రం నొక్కొద్దు.

కమలానగర్_టీచరమ్మ:
మా ఆయనా నేనూ కలిసి 42 లక్షలకు స్థలం కొన్నాం. ఏఐఎస్ తెరిస్తే నా పేరు మీదే మొత్తం 42 లక్షలు! మా ఆయన దాంట్లోనూ అంతే. చేతులు వణికాయి. అక్కడే ఫీడ్‌బ్యాక్ ఉంటుంది, సమాచారం పూర్తిగా సరికాదని చెప్పి నా వాటా 21 లక్షలని రాశాను.
తప్పు నాదే అయినది ఇంకోటుంది. డిపాజిట్ వడ్డీ 38 వేలు. బ్యాంకు టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోయలేదు కాబట్టి చూపించక్కర్లేదనుకున్నా. కోయకపోయినా బ్యాంకు ఆ వడ్డీ లెక్క చెప్పేసింది. సవరణ గడువు దాటిపోయాక అప్‌డేటెడ్ రిటర్న్ వేసి, పన్నూ వడ్డీ కలిపిన మొత్తం మీద ఇంకో 25 శాతం కట్టాను. ఇంకా ఆలస్యమైతే ఆ శాతం పెరుగుతుందట.

తాడిపత్రి_కిరాణా:
బెంగళూరులో మా బావమరిది బేకరీ పెట్టుకున్నాడు. 2025 జులైలో అక్కడ చిన్న వ్యాపారులకు నోటీసులొచ్చాయి కదా, భయపడి స్కానర్ పీకేశాడు. నేనూ పీకేయాలా?

సప్తగిరి_సర్కిల్:
అది జీఎస్టీ అన్నా, కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి పంపింది. సరుకులైతే ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ కావాలి. స్కానర్ పీకితే గిరాకీ పోతుంది, ఇంతకుముందు వచ్చిన డబ్బు లెక్క మాత్రం అక్కడే ఉంటుంది.

శింగనమల_రైతు:
వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు, మరి రైతును ఎందుకడగాలి?

సప్తగిరి_సర్కిల్:
పొలం ముఖం చూడనివాళ్లు కూడా వ్యవసాయ ఆదాయమని రాసుకుంటారు పెద్దాయనా, అందుకే. బ్యాంకు పంపేది అంకె మాత్రమే. అది వేరుశనగ డబ్బో వడ్డీవ్యాపారం డబ్బో దానికి తెలీదు. లెక్క చెప్పలేని నగదుకు మామూలు శ్లాబులుండవు, పన్ను చాలా ఎక్కువ. తమ్ముడూ, తక్‌పట్టీలు (సరుకు అమ్మినప్పుడు మార్కెట్ యార్డులో ఇచ్చే చీటీలు), 1బి భూమి పత్రం, ఈ-క్రాప్ పంట నమోదు తీసిపెట్టు. నోటీసే వస్తే దాని మీద డిన్ అనే గుర్తింపు నంబర్ ఉందో లేదో పోర్టల్‌లో సరిచూడు.

గార్లదిన్నె_కుర్రాడు:
ట్రంకు పెట్టెలో అమ్మ పెళ్లిచీర కింద పదకొండు తక్‌పట్టీలు దొరికాయి. రెండిటి మీద సిరా అలుక్కుపోయింది. అన్నీ కూడితే 8 లక్షల 60 వేలు. మిగతాది చీనీకాయలది, వ్యాపారి తెల్లకాగితం మీద రాసిచ్చాడు. పనికొస్తుందా?

సప్తగిరి_సర్కిల్:
ఏమీ లేనిదానికంటే మేలే. తేదీ, సంతకం, ఫోన్ నంబర్ ఉన్నాయా?

గార్లదిన్నె_కుర్రాడు:
తేదీ, సంతకం ఉన్నాయి. నంబర్లో చివరి రెండంకెలు మడతలో చిరిగిపోయాయి. రేపు పొద్దున్నే నాన్నను బండి మీద ఎక్కించుకుని అనంతపురం యార్డుకు పోతున్నా, మనిషిని చూస్తే గుర్తుపడతానంటున్నాడు.