షుగర్ రోగుల్లో రెసిలియెన్స్ కొలత: తెలుగు ప్రశ్నావళి ఎక్కడ తేడా కొడుతోంది?

వేపకొమ్మ:
సైకాలజీ పీహెచ్‌డీ పని. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో మానసిక క్షేమానికి డబ్ల్యూహెచ్‌ఓ-5 ప్రశ్నావళి, రెసిలియెన్స్‌కి (కష్టం వచ్చాక మళ్లీ తేరుకునే గుణానికి) బ్రీఫ్ రెసిలియెన్స్ స్కేల్ (బీఆర్‌ఎస్) తీసుకున్నాం. చదువు రానివాళ్లకు మేమే చదివి వినిపిస్తున్నాం. పైలట్‌లో (ముందుగా కొద్దిమందితో చేసి చూసినప్పుడు) బీఆర్‌ఎస్ ఆల్ఫా, అంటే స్కేలులోని వాక్యాలు ఒకదానితో ఒకటి ఎంత పొందుతున్నాయో చెప్పే అంకె, మరీ తక్కువొచ్చింది. రెసిలియెన్స్‌కి ‘స్థితిస్థాపకత’ అని రాశాం. లోపం ఎక్కడుండొచ్చు?

గోదారిగట్టు:
ముందు కోడింగ్ (జవాబులకు అంకెలు వేసే తీరు) చూడండి. ఆరు వాక్యాల్లో 2, 4, 6 వ్యతిరేకమైనవి. వాటికి వచ్చిన అంకెను 6 లోంచి తీసేశాకే సగటు కట్టాలి. అది మరిస్తే ఆల్ఫా మైనస్‌లోకి కూడా పోతుంది.

కోడింగ్ సరిగ్గా ఉంటే తప్పు తెలుగుదే. మూడో వాక్యం చూడండి, ‘తేరుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు’. దానికి ‘ఒప్పుకోను’ అనాలంటే రెండు ‘కాదు’లు కలుస్తాయి, చెవితో వినేవాళ్లు అక్కడే తప్పుతారు. ‘ఎక్కువ కాలం పడుతుందా, పట్టదా?’ అని ముందడిగి, ఆ తర్వాత ‘కొంచెమా, పూర్తిగానా?’ అనండి.

‘స్థితిస్థాపకత’ ఫిజిక్స్ పాఠంలో రబ్బరుకు వాడే మాట, తీసేయండి. ‘తట్టుకోవడం’ అంటే పడకుండా నిలబడటం. ఈ స్కేలు అడిగేది పడ్డాక లేవడం. ‘కోలుకోవడం’ అన్నారో, ‘షుగర్ తగ్గేది కాదుగా’ అనేస్తారు. ‘తేరుకోవడం’ ఒక్కటే అతుకుతుంది.

మందులచీటీ:
డబ్ల్యూహెచ్‌ఓ-5 లోనూ ఒక గోతి ఉందండీ. ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి 0–5, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కి స్కోరు. 50 లేదా అంతకన్నా తక్కువైతే డిప్రెషన్ కోసం విడిగా చూడాలి. నాలుగోది పొద్దున్నే హాయిగా లేచారా అనే ప్రశ్న. షుగర్ ఎక్కువై రాత్రి మూడుసార్లు మూత్రానికి లేచే మనిషికి మనసు బాగున్నా అక్కడ సున్నానే పడొచ్చు. ప్రశ్న తీసేస్తే స్కేలే చెడుతుంది కాబట్టి ఉంచండి. రాత్రి ఎన్నిసార్లు లేస్తారో పక్కన రాసుకోండి.

షుగర్ గురించిన దిగులు వేరు, డిప్రెషన్ వేరు. మొదటిదానికి పెయిడ్ (PAID, ప్రాబ్లమ్ ఏరియాస్ ఇన్ డయాబెటిస్) అనే స్కేలు ఉంది: 20 ప్రశ్నలు, 0–4, మొత్తం × 1.25. స్కోరు 40, ఆపైన ఉంటే దిగులు తీవ్రమైనదే. డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 కూడా పెడితే, అందులో తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకునే ఆలోచనల గురించి. అవునన్నవాళ్లను అదే రోజు డాక్టరుకు చూపించే ఏర్పాటు ముందే ఉండాలి. ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 నంబరూ చేతికివ్వండి.

ఇంకోటి, షుగర్ రిపోర్టు చేతికొచ్చాక ఈ ప్రశ్నలు అడక్కండి. కోడలు పక్కన కూర్చుని ఉంటే అసలే వద్దు.

నాపరాయి:
పై ఇద్దరూ చెప్పినవన్నీ సరిచేసినా, ఒక్కసారి కొలిచి ‘రెసిలియెన్స్ వల్ల క్షేమం పెరిగింది’ అని రాయలేరు. రెండూ ఒకే మనిషి ఒకే పూట చెప్పినవి; ఆ రోజు చిరాకు రెంటినీ కిందికి లాగుతుంది. కనీసం మూడు విడతలు కొలవండి. విడతకి మూడు నెలల ఎడమిస్తే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష కూడా కలిసొస్తుంది, అది చూపేది సుమారు 2–3 నెలల షుగర్ సగటే.

వేపకొమ్మ:
థాంక్సండీ, రివర్స్ కోడింగ్ సరిగ్గానే ఉంది. మూడో వాక్యం దగ్గరే అందరూ ఆగుతున్నారు. డబ్ల్యూహెచ్‌ఓ-5 లో ‘గత రెండు వారాలు’ అన్నదీ అందట్లేదు.

గోదారిగట్టు:
తారీకులున్న క్యాలెండర్ ముందుపెట్టి, ఇవాళ్టి నుంచి వెనక్కి 14 గళ్లు వేలితో చూపించండి. ఆ మధ్యలో వచ్చిన సంతో, పండగో ఒకటి గుర్తు చేశాకే మొదటి ప్రశ్న అడగండి.