నీళ్లలో ఆగిపోయిన కారుకి సెల్ఫ్ కొట్టొచ్చా?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక సభ్యురాలు): నమస్కారం అండి. నిన్న సాయంత్రం వానకి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచాయి. ఆటోలు వెళ్తున్నాయి కదా అని మా తమ్ముడు కూడా కారు దింపాడు. సగం దూరంలో ఎదురుగా బస్సు వచ్చింది. అది తోసిన నీళ్లు బానెట్ మీదకి ఎక్కాయి, ఇంజిన్ అక్కడే ఆగిపోయింది. నలుగురు కలిసి తోసి బయటకు తెచ్చారు. పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు, నాలుగేళ్లు దాటింది. లోపల కాళ్ల దగ్గర కార్పెట్ తడిసింది, సీట్లు పొడిగానే ఉన్నాయి. ఇప్పటిదాకా తాళం తిప్పలేదు. ఒక పూట ఎండలో పెట్టి సెల్ఫ్ కొట్టమని అందరూ అంటున్నారు. ఎల్లుండి అమ్మని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (షెడ్డు నడిపే మెకానిక్): మేడమ్, తాళం తిప్పకుండా చాలా మంచి పని చేశారు. ఇక ముందు కూడా తిప్పొద్దు, ఎవరినీ తిప్పనివ్వొద్దు. ఎండలో పెడితే బయట తడి ఆరుతుంది కానీ సిలిండర్‌లోకి వెళ్లిన నీళ్లు ఎటూ పోవు.

ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం చాలా కార్లలో ముందు గ్రిల్ వెనకాల, హెడ్‌లైట్ పక్కన ఉంటుంది. బస్సు తోసిన నీళ్లు అక్కడి దాకా వస్తే గాలితో పాటు నీళ్లని కూడా లోపలికి లాగేస్తుంది. గాలి నొక్కితే కుదించుకుపోతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు గాలి సుమారు పదో వంతుకి అణుగుతుంది. నీళ్లు అలా అణగవు. అప్పుడు పిస్టన్ పైకి రాలేకపోతుంది, కింద నుంచి క్రాంక్ (పిస్టన్లని ఆడించే ఇరుసు) తోస్తూనే ఉంటుంది, ఆ రెండింటినీ కలిపే కనెక్టింగ్ రాడ్డు మధ్యలో వంగుతుంది. సెల్ఫ్ మోటార్‌కి కూడా ఆ రాడ్డుని వంచే బలం ఉంది. వంగిన రాడ్డుతో కొన్నాళ్లు తిరిగాక అది విరిగి బ్లాక్‌కే బొక్క పెట్టిన బండ్లు మా షెడ్డుకి వస్తుంటాయి.

ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. ఫిల్టర్ తడిగా ఉంటే నీళ్లు లోపలికి వెళ్లాయనే లెక్క. తర్వాత డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) లాగి చూడండి. ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నా, లెవెల్ పైగీత దాటినా నీళ్లు కలిశాయి. బండిని తాడు కట్టి లాగించొద్దు, ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) మీదే షెడ్డుకి పంపండి. మీది మాన్యువల్ కాబట్టి కొంత నయం. ఆటోమేటిక్ బండిని చక్రాలు నేల మీద ఉంచి లాగితే గేర్‌బాక్స్ కూడా పోతుంది.

షెడ్డులో మొదటి పని స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పడం. పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీసి, క్రాంక్ పుల్లీని స్పానర్‌తో చేత్తోనే తిప్పాలి. నీళ్లుంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి బయటకి చిమ్ముతాయి. మొహం అక్కడ పెట్టి చూడొద్దు. చేత్తో తేలిగ్గా రెండు చుట్లు తిరిగాకే, ప్లగ్గులు లేకుండానే కాసేపు సెల్ఫ్ కొట్టి మిగిలిన తడి ఆరబెట్టాలి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ మార్చకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. ఆలస్యం మాత్రం చేయకండి, నీళ్లు నిలిచిన సిలిండర్ గోడకి తుప్పు తొందరగా పడుతుంది.

అమ్మగారికి క్యాబ్ మాట్లాడుకోండి. ఎల్లుండి ఈ బండిని నమ్ముకోవద్దు.

జవాబు (మోటార్ క్లెయిములు చూసే సర్వేయర్): మెకానిక్ గారు చెప్పింది అక్షరాలా పాటించండి. కానీ బండి షెడ్డుకి చేరేలోపే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగిన నష్టానికి ఇచ్చే కవర్) ఉంటే వరద నష్టం దాని కిందకి వస్తుంది.

పేచీ ఎక్కడ వస్తుందంటే, నీళ్లలో ఆగిన తర్వాత సెల్ఫ్ కొట్టి ఇంజిన్ పాడైతే అది వరద చేసిన నష్టం కాదు, తర్వాత మీరు చేసిన పని వల్ల వచ్చిన నష్టం అంటారు. ఆ వాదన మీద చాలా క్లెయిములు ఆగిపోతాయి. నీళ్లు చేరి ఇంజిన్ లోపలి భాగాలు పాడైతే డబ్బు రావాలంటే మామూలుగా ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. పాలసీ కాగితంలో యాడ్ ఆన్‌ల దగ్గర ఆ పేరు ఉందేమో చూడండి.

బండి మీద నీటి గీత, తడిసిన కార్పెట్, ఎయిర్ ఫిల్టర్, మీటరు రీడింగ్ అన్నీ ఫోటోలు తీయండి. ప్లగ్గులు విప్పేటప్పుడు వీడియో తీయించండి. నష్టం పెరగకుండా జాగ్రత్త పడటం పాలసీ షరతుల్లోనే ఉంది, కాబట్టి నీళ్లు తోడేయడం తప్పు కాదు. సిలిండర్ల పైన ఉండే హెడ్ మాత్రం కంపెనీ పంపే సర్వేయర్ చూడకుండా విప్పొద్దు.

అడిగినవారు: అన్నయ్యా, మీరు చెప్పినట్టే చేయించాను. రెండు సిలిండర్లలోంచి నీళ్లు వచ్చాయి. ఆయిల్ మార్చాక స్టార్ట్ అయ్యింది కానీ ఐడిల్‌లో కొంచెం వణుకుతోంది. ఇక్కడి కుర్రాడు ‘తడి ఆరితే అదే సర్దుకుంటుంది, తీసుకెళ్లండి’ అంటున్నాడు. పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ ఉంది.

మెకానిక్: తీసుకెళ్లొద్దు మేడమ్. వణుకు స్పార్క్ ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ తడి వల్ల కూడా రావచ్చు, నిజమే. కానీ నీళ్లు పీల్చినప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉంది, అప్పుడే రాడ్డు కొద్దిగా వంగి ఉండొచ్చు. వెంటనే ఇంజిన్ ఆపేసి, అన్ని సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్ పెట్టించండి. నాలుగూ దగ్గర దగ్గరగా రావాలి. ఒక్కటి బాగా తక్కువ చూపిస్తే అనుమానించాలి. ఇంకో సులువైన పరీక్ష ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కడ్డీ దింపి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఎంత ఎత్తు వస్తుందో నాలుగింటికీ కొలవాలి. ఒకటి కిందనే ఆగిపోతే రాడ్డు వంగిందన్నమాటే.

అడిగినవారు: మూడో సిలిండర్ కంప్రెషన్ తక్కువ వచ్చింది, కడ్డీతో కొలిస్తే కూడా తేడా కనిపించింది. సర్వేయర్ రేపు వస్తున్నారు. బండి కదిలించలేదు. మొత్తం డబ్బు వస్తుందా అండి?

సర్వేయర్: బంపర్ టు బంపర్ (తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేకపోతే తరుగుదల కింద కొంత డబ్బు కోస్తారు. మీ బండి వయసుకి లోహపు భాగాల మీద 35 శాతం, ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీల మీద 50 శాతం కోత ఉంటుంది. లేబర్ మీద తరుగు ఉండదు. మీరు సెల్ఫ్ కొట్టలేదని వీడియో, ఫోటోలు చెప్తున్నాయి కాబట్టి అవి రేపు వచ్చే సర్వేయర్‌కి మొదటే చూపించండి. క్లెయిమ్ కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. దాని మీద హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఫిర్యాదు చేసుకోవచ్చు, ఫీజు ఉండదు.

మరో సభ్యుడు (సింగ్‌నగర్): 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా కారు ఆపి ఉన్న చోటే సీట్ల దాకా మునిగింది. ఇంజిన్ నడవలేదు కాబట్టి రాడ్డు వంగలేదు, కానీ బురద వైరింగ్‌లోకి వెళ్లి ఖర్చు అక్కడే పెరిగింది. అక్కా, మీరు ఇంజిన్ పని అయ్యేలోపు కార్పెట్, దాని కింద స్పాంజి మొత్తం విప్పించి ఎండబెట్టించండి. పైన ఆరినట్టే ఉంటుంది, అడుగున నీళ్లు నిలిచి కనెక్టర్లు పచ్చబడతాయి.

ఇంకొకరు (ఖమ్మం): అన్నా, మాది డీజిల్. ఇదే పద్ధతా?

మెకానిక్: డీజిల్‌కి ఇంకా జాగ్రత్త కావాలి. స్పార్క్ ఉండదు కాబట్టి పైన తడిసినంత మాత్రాన ఆగదు, నీళ్లు లోపలికి వెళ్లేదాకా నడుస్తూనే ఉంటుంది. కంప్రెషన్ కూడా పెట్రోల్ కంటే ఎక్కువ, దెబ్బ గట్టిగా తగులుతుంది. స్పార్క్ ప్లగ్గుల బదులు గ్లో ప్లగ్గులు (సిలిండర్‌ని వేడి చేసేవి) గానీ ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి) గానీ విప్పాలి. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు కూడా వదిలేయండి.

మేడమ్, మీ బండికి రాడ్డు మార్చేటప్పుడు ఆ సిలిండర్ బోరు (లోపలి గోడ), బేరింగులు కూడా చూపించుకోండి. బయటకి వచ్చాక కొద్ది దూరం తిరగగానే ఆయిల్, ఫిల్టర్ ఇంకోసారి మార్చాలి, మూలల్లో మిగిలిన తడి దాంతో వచ్చేస్తుంది. వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పి బురద కడిగించండి. సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ కూడా ఒకసారి విప్పి ఆరబెట్టించండి, అవి వెంటనే పోవు, నెల తర్వాత మొరాయిస్తాయి.