1823 డెమెరారా తిరుగుబాటు: పుకారు నమ్మి లేచారా, తెలిసే లేచారా?

సీతమ్మధార_కుర్రాడు

ఏయూలో ఎంఏ హిస్టరీ చేస్తున్నాను. సెమినార్‌కి కరీబియన్ బానిస తిరుగుబాట్లలో ఏదో ఒకటి తీసుకోమన్నారు. హైతీని అప్పటికే సగం మంది పట్టేసుకున్నారు, అందుకని నేను 1823 డెమెరారా తీసుకున్నాను (అప్పట్లో బ్రిటిష్ కాలనీ, ఇప్పటి గయానాలో ఉంది, సూపర్ మార్కెట్లో బ్రౌన్ షుగర్ ప్యాకెట్ మీద కనిపించే డెమెరారా అదే). చదివేకొద్దీ ఒక సంగతి మింగుడు పడటం లేదు. పది వేల మందికి పైగా బానిసలు లేచారు, తోటలు తోటలే వాళ్ళ చేతుల్లోకి వచ్చేశాయి, అయినా చనిపోయిన తెల్లవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఇటు చూస్తే వందల్లో పోయారు. మా రూమ్మేట్ అయితే "రాజుగారు స్వేచ్ఛ ఇచ్చేశారని ఎవడో పుకారు లేపాడు, వీళ్ళు నమ్మారు, అంతేగా" అని తేల్చేశాడు. నిజంగా అంతేనా? ఇంకో డౌటు, జాన్ స్మిత్ అనే మిషనరీ వాళ్ళని రెచ్చగొట్టాడని కేసు పెట్టారు కదా, అందులో నిజం ఎంత? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, వచ్చే వారమే నా వంతు, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్_మాస్టారు

బాబూ, అది ఎవరో లేపిన పుకారు కాదు, దాచిపెట్టిన కాగితం.

1823 మే నెలలో లండన్ పార్లమెంటులో విదేశాంగ మంత్రి కానింగ్ కొన్ని తీర్మానాలు పెట్టాడు, బానిసల పరిస్థితిని మెల్లమెల్లగా మెరుగుపరచాలని. వాటి ఆధారంగా కాలనీల మంత్రి బాథర్స్ట్ ఉత్తరం పంపాడు: ఆడవాళ్ళని కొరడాతో కొట్టకూడదు, పొలంలో పని చేయించేవాడి చేతిలో కొరడా ఉండకూడదు. జులైలో అది డెమెరారా గవర్నర్ జాన్ మర్రేకి చేరింది. ఆయనా, తోటల యజమానులతో నిండిన ఆయన కౌన్సిలూ కలిసి దాన్ని బయటపెట్టకుండా ఆపేశారు. అయితే ఆ బంగళాల్లో అన్నం వడ్డించేదెవరు? బానిసలే. దొరలు భోజనాల దగ్గర లండన్‌ని తిట్టుకుంటూ మాట్లాడుకున్నదంతా వంటింటి నుంచి తోటలకి వెళ్ళిపోయింది. మనకోసం ఏదో వచ్చింది, వీళ్ళు తొక్కిపెట్టారు అన్నంతవరకు వాళ్ళ అంచనాలో తప్పేం లేదు. వచ్చింది స్వేచ్ఛ కాదు, కొరడా గురించిన ఆర్డరు, తేడా అక్కడే.

దీనికి నాయకత్వం వహించింది సక్సెస్ అనే తోటలో పీపాలు చేసే జాక్ గ్లాడ్‌స్టన్, వాళ్ళ నాన్న క్వామినా. క్వామినా పెద్ద వడ్రంగి, పక్కనున్న లె రెసువనీర్ తోటలోని బెతెల్ చర్చిలో డీకన్, అంటే చర్చి పెద్ద. జాక్ ఇంటిపేరు అతని యజమానిది. ఆ యజమాని జాన్ గ్లాడ్‌స్టన్ లివర్‌పూల్‌లో కూర్చుని తోటలు నడిపించాడు, డెమెరారాలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. తర్వాత బ్రిటన్ ప్రధానమంత్రి అయిన గ్లాడ్‌స్టన్ ఈయన కొడుకే.

ఆగస్టు 18, సోమవారం. పొద్దున్నే ఒక ఇంటి నౌకరు తన యజమానికి సంగతి చెప్పేశాడు, అయినా సాయంత్రానికి ఈస్ట్ కోస్ట్ మొత్తం లేచింది. ఏం చేశారో చూడండి. మేనేజర్లని, ఓవర్సీర్లని పట్టుకుని బొండలో వేశారు, అంటే రోజూ తమ కాళ్ళు బిగించే ఆ చెక్క బొండలోనే. ఇళ్ళలో తుపాకులు తీసేసుకున్నారు. చంపలేదు. చేతకాక కాదు. క్వామినా మొదటినుంచీ రక్తపాతం వద్దనే చెబుతూ వచ్చాడు, పని మానేసి కూర్చుందాం అన్నది ఆయన మాట. ఆ సాయంత్రమే గవర్నర్ మర్రే గుర్రం మీద వెళ్ళి వాళ్ళకి ఎదురుపడి, ఆడవాళ్ళని ఇక కొట్టం, ఇళ్ళకి వెళ్ళండి అన్నాడు. అప్పుడు బయటపెట్టాడు మహానుభావుడు! అది మాకు ఊరట కాదు, దేవుడు మమ్మల్నీ మీ రక్తమాంసాలతోనే పుట్టించాడు, ఇక మీకు బానిసలుగా పని చెయ్యం అన్నారు వాళ్ళు. ఈ మాటలు మర్రేనే తన రిపోర్టులో లండన్‌కి రాశాడు. పుకారు నమ్మిన అమాయకుల మాటల్లా ఉన్నాయా ఇవి?

గాజువాక99

మాస్టారూ, అంతా బాగానే ఉంది గానీ చంపకుండా వదిలెయ్యడం వల్ల ఏటి లాభం? 20వ తారీఖున బ్యాచిలర్స్ అడ్వెంచర్ అనే తోట దగ్గర 2,000 మంది ఉన్నారంట, ఎదురుగా సైన్యం కొన్ని వందలు. కర్నల్ లీహీ కాల్చమన్నాడు, రెండొందల మంది వరకు పోయారంటున్నారు, సైన్యం వైపు దాదాపు నష్టమే లేదు. హైతీ వాళ్ళు తోటలు తగలబెట్టారు, పదమూడేళ్ళు కొట్లాడి 1804లో దేశం తెచ్చుకున్నారు. వీళ్ళు మాట్లాడదాం అనుకున్నారు, పోయారు. నా వరకు ఇది ప్లానింగ్ లేని ఆవేశం.

రిటైర్డ్_మాస్టారు

ప్లానింగ్ లేకపోతే కొన్ని పదుల తోటలు ఒకే సాయంత్రం ఎలా లేచాయి బాబూ? ఫోన్లు లేవు, చాలామందికి చదువు లేదు, తోట దాటి బయటికెళ్ళాలంటే పాసు కావాలి. మనవైపు ఉదాహరణే తీసుకోండి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి తుపాకులు పట్టుకెళ్ళాడు, పోలీసుల్ని చంపలేదు. దాన్ని మనం ఆవేశం అంటామా? తేడా ఎక్కడుందంటే, అల్లూరికి వెనక మన్యం కొండలున్నాయి, అందుకే 1924 దాకా నిలబడ్డాడు. డెమెరారాలో ఏముంది? ఒకవైపు సముద్రం, ఇంకోవైపు బురద, మధ్యలో డచ్చివాళ్ళు కట్టలు వేసి కాలవలు తవ్విన సన్నటి పల్లపు నేల. దాక్కుందామన్నా చోటు లేదు. సక్సెస్ వెనక అడవిలోకి పోయిన క్వామినాని సెప్టెంబర్ 16న కాల్చి చంపారు, శవాన్ని తెచ్చి సక్సెస్ తోట ముందు రోడ్డు పక్కన గొలుసులతో వేలాడదీశారు. ఇంకా కొందరికి ఉరి, కొందరికి వెయ్యి కొరడా దెబ్బల శిక్ష. జాక్‌ని మాత్రం చంపలేదు, సెయింట్ లూసియాకి పంపేశారు.

వన్‌టౌన్_పాతపుస్తకాలు

స్మిత్ గురించి నేను చెబుతాను. ఈయన లండన్ మిషనరీ సొసైటీ మనిషి. ఈ సొసైటీ మన ఊరికి కొత్తదేం కాదు, 1805లో విశాఖపట్నం వచ్చి సువార్తలు తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అందులోవాళ్ళే. మన దగ్గర వాళ్ళ పనే చదువు చెప్పడం, పుస్తకాలు అచ్చువేయడం. డెమెరారాలో? 1817లో స్మిత్ వెళ్ళగానే మర్రే పిలిచి, ఒక్క నీగ్రోకి అక్షరం నేర్పావని తెలిసినా కాలనీ నుంచి తరిమేస్తానన్నాడు. స్మిత్ డైరీలో ఉంది ఇది. ఇక్కడి సొసైటీ పాఠాలు, అక్కడి సొసైటీ నోటికి తాళం, మీ సెమినార్‌లో ఈ ముక్క పెట్టండి, మనవాళ్ళకి బాగా తగులుతుంది.

రెచ్చగొట్టాడా అంటే, లేదు. యజమానుల మీద అసంతృప్తి కలిగించే మాట ఒక్కటి అనొద్దని సొసైటీయే రాతపూర్వకంగా చెప్పి పంపింది. అయితే బైబిల్లో ఐగుప్తు బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులు బయటపడిన కథ చదివితే వినేవాళ్ళకి ఏమనిపిస్తుందో వేరే చెప్పాలా? ఏదో కదలిక ఉందని ఆయనకి తెలిసే ఉంటుంది, చెప్పలేదు, కోర్టు మార్షల్ పట్టుకున్నది దాన్నే. పౌరుడిని సైనిక కోర్టులో నిలబెట్టి నవంబర్‌లో మరణశిక్ష వేశారు, దయ చూపమని సిఫారసు కూడా రాశారు. రాజు క్షమాభిక్ష ఓడ మీద వచ్చేలోపు, 1824 ఫిబ్రవరి 6న జైల్లో క్షయతో పోయాడు. ఆ జూన్‌లో బ్రూమ్ అనే ఎంపీ పార్లమెంటులో గంటలకొద్దీ మాట్లాడాడు, పేపర్లు గగ్గోలు పెట్టాయి.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. రెండొందల మంది నల్లవాళ్ళు పోతే కదలని ఇంగ్లండు ఒక్క తెల్ల పాస్టరు పోతే కదిలింది. ఆయన్ని డెమెరారా అమరవీరుడన్నారు. రోడ్డు పక్కన గొలుసుల్లో వేలాడిన క్వామినా కూడా అదే చర్చి మనిషే కదండీ!

సీతమ్మధార_కుర్రాడు

చాలా థాంక్స్ అండి. క్వామినా గొలుసుల సంగతి నేను చదివినదాంట్లో ఒక్క లైనులో ఉంది, అంత పట్టించుకోలేదు. మాస్టారూ, మరి దీనివల్ల చట్టపరంగా ఏమైనా మారిందా? మన తెలుగువాళ్ళు గయానా వెళ్ళారంటారు, దానికీ దీనికీ లింకు ఉందా?

రిటైర్డ్_మాస్టారు

వెంటనే ఏం మారలేదు, యజమానులు ఇంకా బిగుసుకున్నారు. కానీ 1831 చివర్లో జమైకాలో సామ్ షార్ప్ నాయకత్వంలో దాదాపు 60,000 మంది లేచేసరికి, అతనూ చర్చి డీకనే, ఇక బానిసత్వాన్ని నడపడం కుదరదని లండన్‌కి అర్థమైంది. 1833లో బానిసత్వం రద్దు చట్టం, 1834 ఆగస్టు 1 నుంచి అమలు. నష్టపరిహారం 2 కోట్ల పౌండ్లు. బానిసలకి కాదు, యజమానులకి! జాన్ గ్లాడ్‌స్టన్ ఒక్కడికే లక్ష పౌండ్లు దాటింది.

డెక్_క్యాడెట్_వైజాగ్

లింకు ఉంది బ్రో, అదే గ్లాడ్‌స్టన్. బానిసలు పోతే కూలీలు ఎలా అని 1836లో కలకత్తాలోని ఒక వ్యాపార కంపెనీకి ఉత్తరం రాశాడు. 1838 మేలో విట్బీ, హెస్పరస్ అనే రెండు ఓడల్లో మొదటి భారతీయ కూలీలు డెమెరారాలో దిగారు, కొంతమంది నేరుగా ఆయన తోటలకే వెళ్ళారు. 1845 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా పంపారు, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. అయితే మన విశాఖ, గంజాం వైపు జనం ఎక్కువగా వెళ్ళింది బర్మాకి, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి, మారిషస్‌కి, సెమినార్‌లో అది కలిపెయ్యకు.

ఇంకోటి, మ్యాప్ ఓపెన్ చేసి చూడు. సక్సెస్, లె రెసువనీర్, బ్యాచిలర్స్ అడ్వెంచర్, అన్నీ ఇప్పటికీ అవే పేర్లతో ఊళ్ళుగా ఉన్నాయి, గయానా రాజధాని జార్జ్‌టౌన్ నుంచి తూర్పుకి తీరం వెంబడే. జార్జ్‌టౌన్‌లో మర్రే స్ట్రీట్ అని ఒకటి ఉండేది, ఆ గవర్నర్ పేరే. 1985లో దాన్ని క్వామినా స్ట్రీట్ చేశారు. స్లైడ్‌లో ఆ మ్యాప్ పెట్టుకో, గాజువాక99 అన్నకి దాక్కునే చోటు లేదన్న సంగతి కూడా అందులోనే కనిపిస్తుంది.