హారర్ గేమ్‌లో చీకటి చీకటిలా లేదు, తలుపులు బొమ్మ తలుపుల్లా ఉన్నాయి, ఏం చేయాలి?

సందేహం:
అన్రియల్ 5 గేమ్ ఇంజిన్‌లో చిన్న హారర్ గేమ్ చేస్తున్నానండి, ఒకటే ఇల్లు, ఫస్ట్ పర్సన్, చేతిలో టార్చ్ తప్ప ఇంకేం ఉండదు. టెక్స్చర్లన్నీ (వస్తువుల మీద అతికించే బొమ్మలు) 4కే రిజల్యూషన్‌లో పెట్టా, అయినా గోడలు, బల్లలు అన్నీ ప్లాస్టిక్‌లా మెరుస్తున్నాయి. ఇంకో విచిత్రం, లైట్లన్నీ తీసేసినా కాసేపటికి గది దానంతటదే తెల్లబడి బూడిద రంగులోకి వస్తోంది. తలుపు కీ నొక్కితే తెరుచుకుంటుంది కానీ అస్సలు భయం రావట్లేదు. ఏది ముందు సరిచేయాలో చెప్పండి ప్లీజ్.

జవాబు:
ముందు ఎక్స్‌పోజర్, అంటే కెమెరా ఎంత వెలుగు తీసుకుంటుందో అది చూడండి, మిగతావన్నీ దాని తర్వాతే. మీరు చెప్పే తెల్లబడటం ఆటో ఎక్స్‌పోజర్ పని, సీన్ చీకటైతే కన్ను అలవాటు పడినట్టు ఇంజినే బ్రైట్‌నెస్ పెంచేస్తుంది. పోస్ట్ ప్రాసెస్ వాల్యూమ్‌లో (స్క్రీన్ మీద రంగు, వెలుగు చివర్లో సర్దే బాక్స్) మినిమమ్, మ్యాక్సిమమ్ ఈవీ (ఎక్స్‌పోజర్ విలువ) రెండూ ఒకే నంబర్ పెట్టి లాక్ చేయండి, అన్‌బౌండ్ టిక్ పెట్టడం మర్చిపోకండి లేకపోతే ఆ బాక్స్ లోపల మాత్రమే పనిచేస్తుంది. లాక్ చేశాకే లైట్ల విలువలు సర్దుకోండి, ముందు సర్దితే చేసిందంతా మళ్లీ చేయాలి.

ప్లాస్టిక్ మెరుపుకి 4కే మందు కాదు, రఫ్‌నెస్ మ్యాప్ (ఎక్కడ గరుకో, ఎక్కడ నునుపో చెప్పే బొమ్మ) చూడాలి. గోడంతా ఒకే రఫ్‌నెస్ ఉంటే టార్చ్ వెలుగు ఎక్కడ పడినా ఒకేలా కనపడుతుంది, అదే చెమ్మ మరక దగ్గర తక్కువ, దుమ్ము దగ్గర ఎక్కువ ఉంటే టార్చ్ కదిలిస్తుంటే గోడ మీద ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది, హారర్‌కి కావాల్సింది అదే కదా. మరకల డెకాల్స్ (పైన అతికించే స్టిక్కర్లలాంటివి) ఎక్కడపడితే అక్కడ చల్లకండి, చెయ్యి తగిలే చోట వేయండి, స్విచ్ చుట్టూ, గడియ కింద, మెట్ల రెయిలింగ్ మీద. ఆ ఇంట్లో మనుషులు తిరిగారని నమ్మించేది అవే.

ఇంకో జవాబు:
పైన చెప్పింది కరెక్ట్, నేను తలుపు గురించి చెప్తా ఎందుకంటే నాకు ఈ జానర్‌లో అన్నిటికంటే ఇష్టమైనది తలుపే. 2010లో వచ్చిన అమ్నీషియా ది డార్క్ డిసెంట్ ఆడండి, అందులో మౌస్‌తో తలుపు పట్టుకుని లాగాలి, సందు మాత్రం తెరిచి తొంగి చూడొచ్చు, గబుక్కున మూసేయొచ్చు. కీ నొక్కగానే యానిమేషన్ ఆడితే ఆ రెండు సెకన్లు ప్లేయర్ ఊరికే చూస్తూ ఉంటాడు, తనే లాగితే ఎంత తెరవాలో తనే తేల్చుకోవాలి, భయం అక్కడ పుడుతుంది. ఫిజిక్స్ కన్‌స్ట్రెయింట్‌తో (రెండు వస్తువుల్ని కలిపి కదలికని అదుపు చేసేది) హింజ్, అంటే కీలు పెట్టి, యాంగిల్‌కి లిమిట్ ఇచ్చి, కదలిక నెమ్మదించేలా కొంచెం డ్యాంపింగ్ వేయండి, కిర్రుమనే సౌండ్ తలుపు తిరిగే వేగానికి కట్టండి, మెల్లగా తెరిస్తే చిన్నగా, తోస్తే పెద్దగా.

ఒక్క మాట, ఒక సొరుగు తెరుచుకుంటే అలాంటి సొరుగులన్నీ తెరుచుకోవాలి, ఖాళీగా ఉన్నా పర్లేదు. కొన్ని తెరుచుకుని కొన్ని తెరుచుకోకపోతే ప్లేయర్ భయం మానేసి ఏది పనిచేస్తుందా అని క్లిక్కులు మొదలెడతాడు.

సందేహం అడిగినవారు:
ఎక్స్‌పోజర్ లాక్ చేయగానే సగం సమస్య పోయిందండి, థాంక్స్! తలుపు మాత్రం ఫ్రేమ్ దగ్గర గజగజ వణుకుతోంది, పైగా రెండు గదుల్లో లైట్లు పెట్టేసరికి ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేమ్‌లు) పడిపోతోంది.

జవాబు:
తలుపు, ఫ్రేమ్ కొలిజన్లు (ఢీకొనే హద్దులు) ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టున్నాయి, కన్‌స్ట్రెయింట్‌లో ఆ రెండిటి మధ్య కొలిజన్ ఆపేసే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేసి చూడండి. లైట్ల విషయానికొస్తే అటెన్యుయేషన్ రేడియస్ (వెలుగు చేరే దూరం) తగ్గించి ఒకదాని మీద ఒకటి పడకుండా చూడండి, దూరంగా ఉన్న చిన్న లైట్లకి షాడోలు తీసేయండి, టార్చ్‌కి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి, కుర్చీ నీడ గోడ మీద కదలడం పోతే మీ గేమ్‌లో సగం ప్రాణం పోతుంది. ఇవి చేశాక కూడా పడిపోతుంటే ప్రొఫైలర్ (దేనికెంత సమయం పడుతోందో చూపే టూల్) స్క్రీన్‌షాట్ పెట్టండి, చూసి చెప్తా.